ప్రాణహిత రేవులో కరెంటు చెయ్యి

ముందు ఎవరెవరు ఉన్నారో, ఏమేమి ఉన్నాయో చెప్తాను. ప్రాణహితకు మహారాష్ట్ర వైపు ఒడ్డున, సిరొంచలో ఒక పాత గోదాం గది. అందులో ఒక బల్ల, మూడు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక లాప్‌టాప్, కరెంటు పోతే ఆదుకునే ఇన్వర్టర్, ఎలక్ట్రోడ్ల డబ్బా, ప్లాస్టర్ కలిపే బకెట్లు రెండు, నల్లటి ఫోమ్ పరిచిన సూట్‌కేసులో ఒక ఎడమ చెయ్యి. మనుషులు: పుణె నుంచి వచ్చిన మా పెద్ద ఇంజనీరు, చంద్రపూర్ నుంచి వచ్చిన ఫిజియోథెరపిస్టు, ఆమెను అందరం తాయి, అంటే మరాఠీలో అక్క, అనేవాళ్లం, తోలు పని, చెక్క పని చేసే మా వర్క్‌షాప్ మేస్త్రీ, టెక్నీషియన్‌గా, దుబాసీగా నేను, ప్రాణహిత మీద నావ నడిపే ఒకాయన, ఆయన భార్య. కిటికీ అవతల ఇంకా చాలామంది ఉన్నారు. వాళ్లను లెక్కపెట్టలేదు.

కృత్రిమ అవయవాల కోర్సు చదివే పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. ఇప్పుడు నేను ఆ పనిలో లేను. అయినా ఫీల్డులో జరిగింది ఏదైనా చెప్పమంటారు. మెదడులోని ఆలోచనను చదివి కదిలే చేతుల వీడియోలు మీరు రోజూ చూస్తున్నారు. మేం రెండు వేల దశకం మధ్యలో చూసింది ఒక్కటే చెయ్యి. దాని గురించి రాస్తున్నాను.

పని ఎలా జరుగుతుందో క్లుప్తంగా చెప్పాలి. మోచేతి కింద చెయ్యి తెగినా, పిడికిలి మూసే కండరం, తెరిచే కండరం పైభాగంలో మిగిలే ఉంటాయి. మెదడు ఆజ్ఞ పంపితే అవి బిగుస్తాయి. ఆ బిగువులో పుట్టే చిన్న విద్యుత్తును చర్మం మీది ఎలక్ట్రోడ్లు పట్టుకుంటాయి. లోపలి కండరం బిగిస్తే మోటారు వేళ్లను మూస్తుంది, బయటి కండరం బిగిస్తే తెరుస్తుంది. రెండూ ఊరుకున్నా, రెండూ కలిసి బిగిసినా చెయ్యి ఎక్కడుందో అక్కడే ఆగిపోతుంది. ఈ చివరి మాట గుర్తుంచుకోండి.

నావ నడిపే ఆయన్ని నేను కాకా అని పిలిచేవాణ్ణి. మాది ఆ చుట్టుపక్కల ఊరే. మా నాన్న కూలికి పోయి నన్ను చంద్రపూర్‌లో డిప్లొమా చదివించాడని తెలిశాక ఆయన కూడా నన్ను సారు అనడం మానేసి బిడ్డా అన్నాడు. నావకు ఇద్దరు ఉంటారు. వెనక తెడ్డు పట్టేవాడొకడు, ముందు నిలబడి వెదురు గడ వేసేవాడొకడు. కాక గడ వేసేవాడు. రెండు వానాకాలాల కింద వరద పెరుగుతున్న పూట, జనం ఎక్కుతుండగానే నావ ఒడ్డు నుంచి జారింది. కాక నావను కట్టే మోకును ఎడమ చేతికి చుట్టుకుని, ఒడ్డున ఉన్నవాళ్లు వచ్చి అందుకునేదాకా వదల్లేదు. మనుషులు దక్కారు. చెయ్యి నలిగిపోయింది. దారుల మీద నీళ్లున్న రోజులవి. పెద్దాస్పత్రి చేరేసరికి ఆ చెయ్యిని ఉంచే వీలు లేకపోయింది.

అప్పటినుంచి ఆయన రేవులో జనాన్ని పిలవడం, డబ్బాతో నావలో నీళ్లు తోడడం చేస్తున్నాడు. నావ నడిపే వంతుల్లో ఆయన పేరు లేదు. దసరా అయి నీళ్లు తగ్గుముఖం పట్టాయి. ఇగ కార్తీకం వస్తుంది. అవతల కాళేశ్వరం పోయే జనం ఆ నెలంతా రేవులోనే ఉంటారు. కార్తీకంలోగా మళ్లీ గడ పట్టాలని ఆయన కోరిక. ఆయన మా గదికి వచ్చింది చెయ్యి కోసం కాదు, ముందు నిలబడే ఆ జాగా కోసం. ఈ సంగతి మాకు పూర్తిగా అర్థం కావడానికి కొంత కాలం పట్టింది.

మొదటి రోజు మా ఇంజనీరు చాలా సంతోషించాడు. ఎలక్ట్రోడ్లు పెట్టగానే లాప్‌టాప్ తెర మీద పిడికిలి మూసే కండరం గీత నిటారుగా లేచింది. అంత బలమైన సంకేతాన్ని ఇంతవరకు చూడలేదని హిందీలో అన్నాడు. చెయ్యి తొడిగాం. ప్లాస్టిక్ గ్లాసు పెడితే అది చప్పున నలిగింది. తెరవడం సంగతి తర్వాత చూద్దామని, స్విచ్ ఆపి మేమే వేళ్లు విడదీసి బకెట్ పిడి పెడితే పట్టుకుంది. మళ్లీ అలాగే విడదీసి, పట్టు ఎంత ఉందో చూద్దామని ఇంజనీరు తన రెండు వేళ్లు దాని మధ్య పెట్టాడు.

అది వదల్లేదు.

చెయ్యి తెరువు అని నేను తెలుగులో చెప్పాను, తాయి మరాఠీలో చెప్పింది, ఇంజనీరు హిందీలో కాస్త గట్టిగా చెప్పాడు. కాక ముఖమంతా చెమట పట్టేలా ప్రయత్నించాడు. తెర మీద మూసే గీత ఇంకా పైకే పోయింది, తెరిచే గీత నేల మీద పడుకుంది. చివరికి నేను స్విచ్ ఆపాక, మేస్త్రీ వచ్చి ఆ చేతి వేళ్లను ఒక్కొక్కటిగా విడదీశాడు. ఇంజనీరు వేళ్లు ఎర్రగా కందిపోయాయి.

"గింత గట్టిగ నా పెండ్లాం చెయ్యి సుత పట్టలే సారు," అన్నాడు కాక.

ఆయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పట్టినా నేను ఇడిపించుకునేదాన్ని, సారుకు ఇడిపించుకునుడు రాలె," అంది.

నేను అనువాదం చేశాను. ఇంజనీరు వేళ్లు నలుపుకుంటూ నవ్వాడు.

అసలు సంగతి తర్వాత రోజు తాయి నెమ్మదిగా అడిగితే బయటపడింది. తెగిపోయిన చెయ్యి ఇప్పుడు ఎలా ఉన్నట్టు తోస్తుంది అని అడగమంది. నేను అడిగాను. కాక లేని చెయ్యి మీద కుడి చెయ్యి పెట్టినట్టు గాలిలో పెట్టాడు.

"మోకు ఇంకా పట్టుకునే ఉన్న బిడ్డా. పిడికిలి ఇప్పరాదు. గోర్లు అరచేతిల గుచ్చుకుంటయి."

రెండేళ్లుగా ఆ నొప్పితో ఉన్నాడు. లేని చెయ్యి నొస్తుందంటే గాలి సోకిందంటారని ఎవరికీ చెప్పలేదు. భార్యకు మాత్రం తెలుసు. ఆమె తనకు తోచిన కారణం చెప్పింది. తీసేసిన చేతిని గుడ్డలో చుట్టి వీళ్లకే ఇచ్చారట. ఒడ్డున బొంద పెట్టేటప్పుడు వేళ్లు సాపు చెయ్యకుండా పెట్టారట, అందుకే ఇంకా ముడుచుకుని ఉందట. తవ్వి వేళ్లు సరిచేద్దామని ఆమె అత్త అన్నదట గానీ, ఆ సరికే ఏరు ఆ ఒడ్డును కోసుకుపోయింది.

తాయి ఆ మాటను కొట్టిపారెయ్యలేదు. చెయ్యి తీసే ముందు అది ఏ తీరుగా ఉందో మెదడు ఒక్కోసారి అదే పట్టుకుని ఉంటుందని మాకు వివరించింది. మేం పట్టు బలం అనుకుని మురిసిన గీత, రెండేళ్ల కిందటి వరద రోజున బిగిసిన పిడికిలి. మూసే సంకేతం ఎప్పుడూ ఉంది. తెరిచేదే లేదు.

ఇగ రోజూ అదే పని. కుర్చీలో కూర్చోబెట్టి, తెర చూపించి, తెరిచే కండరపు ఎర్ర గీత లేపు అనడం. ఆయన కళ్లు మూసుకుని, పళ్లు బిగించి ప్రయత్నించేవాడు. ఎంత ప్రయత్నిస్తే అంత బిగిసేది. మీరు ఎవరినైనా జర ఊపిరి వదిలి నిమ్మళంగా ఉండు అని గట్టిగా ఆజ్ఞాపించి చూడండి, మా పరిస్థితి తెలుస్తుంది. ఇంజనీరు ఎలక్ట్రోడ్ జాగా మార్చాడు, సాఫ్ట్‌వేర్‌లో హద్దులు మార్చాడు, ఇన్వర్టర్‌ను తిట్టాడు. మేస్త్రీ, మొండిచెయ్యి దూరే సాకెట్ అంచును పదే పదే గీకి నునుపు చేశాడు, వేరే పని లేక.

ఒక పొద్దు కాకకు విసుగొచ్చింది. చాలు, ఇగ తియ్యుర్రి అని లేచి నిలబడ్డాడు. నేను వైర్లు తీసేలోగా మూలన ఉన్న వెదురు బొంగు మీద ఆయన కన్ను పడింది. మేం కిటికీకి పరదా కట్టుకోవడానికి తెచ్చుకున్న బొంగు అది. కుడి చేత్తో అందుకుని బరువు చూశాడు. ఇది గడకు పనికిరాదు, కణుపులు దగ్గర దగ్గర ఉన్నయి అని గొణిగాడు. గొణుగుతూనే అలవాటుగా నేల మీద ఆనించి ఒక తోపు తోశాడు.

తాయి కెవ్వుమన్నంత పని చేసింది. తెర మీద ఎర్ర గీత లేచింది.

గడ వెయ్యడం మీరు చూసి ఉండకపోవచ్చు. కుడి చెయ్యి గడను కిందికి తోస్తుంటే ఎడమ చెయ్యి దాన్ని జారనివ్వాలి. అడుగు తగిలాక ఎడమ చెయ్యి పట్టాలి. మళ్లీ జారనివ్వాలి. కుడిది బిగిసిన ప్రతిసారీ ఎడమది వదలాలి. చిన్నప్పటినుంచి ఆయన ఒళ్లు నేర్చుకున్న పని అది. కుర్చీలో కూర్చోబెట్టి తెరువు అంటే తెరవని చెయ్యి, గడ దొరికితే తనంతట తానే తెరిచింది.

తాయి కుర్చీ తీయించింది. పెరట్లో ఇసుక పోయించాం. లాప్‌టాప్‌కు పొడుగు వైరు కట్టి, పెద్ద గడ ఇచ్చి, రోజూ పొద్దున ఇసుకలో నావ నడిపించాం. గోడ మీది నుంచి చూసేవాళ్లు ఎక్కడిదాకా పోయినవ్ అని అడిగితే, నడిమిట్లకు వచ్చిన, మీ ఊరోళ్లే అడ్డం ఉన్నరు అనేవాడు. కొన్నాళ్లకు చెయ్యి తొడిగినా పని జరిగింది. వేళ్లు పట్టేవి, వదిలేవి, మోటారు సన్నగా గుర్రుమనేది. కరెంటు చెయ్యి అనే పేరు అప్పుడే వచ్చింది.

మా ఇంజనీరుకు ఆ రోజుల్లో నేల మీద కాలు నిలిచేది కాదు. విదేశాల్లో ఏకంగా మెదడులోనే సన్నని తీగలు పెట్టి చెయ్యిని ఆడించే ప్రయత్నాలు జరుగుతున్నాయని, ఏదో ఒక రోజు ఆలోచన వస్తే చాలు, చెయ్యి కదులుతుందని కాకకు చెప్పమన్నాడు. చెప్పాను. కాక శ్రద్ధగా విన్నాడు.

"నావల ఆలోచన చేసేటోడు నీళ్లల్ల పడ్తడు బిడ్డా. సారుకు జర మంచిగ చెప్పు, బాధపడకుంట," అన్నాడు.

చాలా మంచిది అంటున్నాడు కాక అని నేను అనువదించాను.

రేవులో వంతులు నిర్ణయించే పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. మాట తక్కువ. ఆయన పెరట్లోకి వచ్చి ఇసుక నావను చూశాడు, చేతిని తిప్పి చూశాడు, వేళ్ల మధ్య తన కర్ర పెట్టి వదిలించుకుని చూశాడు. ఇసుకల కాదు, నీళ్లల్ల సూపియ్యమనుర్రి అని వెళ్లిపోయాడు. నీళ్లంటే ఇంజనీరు ఒప్పుకోలేదు. అలాంటి చెయ్యి మా దగ్గర ఒక్కటే ఉంది, అదీ పరీక్ష కోసం తెచ్చింది, తడిస్తే పోతుంది. కానీ కార్తీకం దగ్గరికి వచ్చింది. కాక ఏమీ అడగలేదు. పొద్దున వచ్చి, చెయ్యి తొడిగించుకుని, ఇసుకలోకి దిగి గడ వెయ్యకుండా ఊరికే నిలబడ్డాడు. ఇంజనీరు ఆయన్ని కాసేపు చూసి, మేస్త్రీని సైకిల్ ట్యూబు తెమ్మన్నాడు. మణికట్టు చుట్టూ, మోటారు మీదా ట్యూబు చుట్టి కట్టాం. ఒడ్డు పక్క పాయలో, నడుము లోతు మించని చోట మాత్రమే అని షరతు పెట్టాడు.

ఆ రోజు రేవంతా వచ్చింది. నావలో ముందు కాక, వెనక తెడ్డు పట్టే మనిషి, మధ్యలో నేను. మొదటి తోపులు బాగా పడ్డాయి. గడ జారింది, వేళ్లు పట్టాయి, వదిలాయి. ఒడ్డు మీద ఎవరో ఈల వేశారు. కాక వీపు నాకు కనిపిస్తోంది, ఆ వీపులో రెండేళ్లుగా లేని నిటారుతనం వచ్చింది. పాయ మలుపులో నీళ్ల కింద ఇసుక కాదు, ఒండ్రు ఉంది. గడ దిగబడింది.

గడ దిగబడితే నావవాడు చేసేది ఒక్కటే. వదిలెయ్యడం. నావ ముందుకు పోతూనే ఉంటుంది, గడ అక్కడే ఉంటుంది, పట్టుకున్నవాడు గడతో ఉండిపోతాడు. కాక కుడి చెయ్యి వదిలింది. ఎడమది వదల్లేదు. ఉలికిపడినప్పుడు మనిషి కండరాలు అన్నీ ఒకేసారి బిగుస్తాయి. మూసేదీ తెరిచేదీ రెండూ కలిసి బిగిస్తే యంత్రానికి ఏం చెయ్యాలో తెలియదు. అది ఉన్నచోటే ఉండిపోయింది.

నావ ఆయన కాళ్ల కింద నుంచి జారిపోయింది. ఒక్క క్షణం గడకు వేలాడాడు. తర్వాత సాకెట్‌లోంచి మొండిచెయ్యి జారి, ఆయన నీళ్లలో పడ్డాడు. పాయ మధ్యలో గడ నిలబడి ఉంది. దాన్ని పట్టుకుని మోచేతిదాకా ఒక చెయ్యి మాత్రం ఉంది.

ఒడ్డు మీద నవ్వు మొదలైంది. ఎవరూ ఆపుకోలేకపోయారు, నేను కూడా. ఇంజనీరు బూట్లతో, ప్యాంటుతో నీళ్లలోకి పరుగెత్తాడు. చెయ్యి కోసమే అనుకున్నాం. గడ పక్క నుంచే పోయాడు, దాని వైపు చూడలేదు. కాక దగ్గరికి పోయి సంకలో చెయ్యి వేసి లేపాడు. వాళ్లిద్దరూ ఒడ్డుకు వచ్చేలోగా గడ మెల్లగా వంగి, చెయ్యితో సహా నీళ్లలోకి ఒరిగింది.

పెద్దమనిషి మాత్రం నవ్వలేదు. "ఇది పాయ కాబట్టి నవ్వుతున్నరు. నడిమిట్ల జనం ఉన్నప్పుడైతే?" అన్నాడు. కాక తల ఊపాడు. ఆ ప్రశ్న ఆయనకు మాకన్నా ముందే తెలుసు.

సాయంత్రం గోదాం గదిలో, నీళ్లలోంచి వెతికి తీసిన చెయ్యిని విప్పి ఆరబెట్టాం. లోపలి సర్క్యూట్ బోర్డు పోయింది. ఇంజనీరు దాని ముందు తల వంచి కూర్చున్నాడు. కాక భార్య టీ తెచ్చింది. కాక గోడకు ఆనుకుని, మొండిచెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. తాయి నొప్పి ఉందా అని అడిగింది. ఆయన తర్వాత చెప్పింది నేను మాట మార్చకుండా రాస్తున్నాను.

"లేదు తాయి. పడ్డప్పుడు ఇడిచిపెట్టిన. మోకు గూడ పోయింది."

భార్య టీ గ్లాసు కింద పెట్టి ఆయన ముఖంలోకి చూసింది. అరచెయ్యి ఎట్లున్నది అని అడిగింది. సాపుగున్నది అన్నాడు. ఆమె లేచి బయటికి వెళ్లింది, కొంతసేపటిదాకా రాలేదు. ఇది పడడం వల్ల జరిగిందా, అన్ని రోజులు ఇసుకలో పిడికిలి తెరవడం సాధన చేసినందుకా అని తాయిని అడిగాను. తెలియదంది. నాకూ ఇప్పటిదాకా తెలియదు.

కానీ ఆయన వచ్చింది నొప్పి కోసం కాదు. జాగా ఇంకా రాలేదు. ఇంజనీరు తలెత్తి, వచ్చే ఏడాది నీళ్లను తట్టుకునే చెయ్యి తెస్తాను, బిగిసినప్పుడు వదిలేసేలా చేస్తాను అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు, ఆయన చేసి చూపించే తరహా మనిషే. కాక నన్ను దగ్గరికి పిలిచాడు.

"పట్టుకునే చెయ్యి నాకొద్దు బిడ్డా. గడ ఆనడానికి జాగా ఉంటే సాలు."

మోచేతిని చాపి, కుడి చేతి రెండు వేళ్లను మొండి చివర పంగలా నిలబెట్టి చూపించాడు. గడ ఆ పంగలో జారాలి. దిగబడితే దానంతట అదే ఊడి రావాలి. మూసేది లేదు, తెరిచేది లేదు.

మేస్త్రీ అప్పటికే లేచి చెప్పులు వేసుకుంటున్నాడు. తుమ్మకొమ్మ పంగ అయితే చీలదని, టేకు అయితే నీళ్లకు ఆగుతుంది గానీ పంగ దగ్గర విరుగుతుందని నాతో వాదిస్తూ బయటికి నడిచాడు. తుమ్మనే తెచ్చాడు. లోపలి వైపు టైరు రబ్బరు అతికించి, పాత సాకెట్ చివర బిగించాం. ఇంజనీరు దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పి చూశాడు. ఆయనకు అవమానంగా ఉందేమో అనుకున్నాం. ఆయన ఒక కర్ర తీసుకుని పంగలో పెట్టి, కాకను తొయ్యమన్నాడు, రెండు మూడు సార్లు చూశాడు. తర్వాత పంగను కొంచెం లోపలికి వంచి బిగించమన్నాడు, లేకపోతే భుజం నొస్తుందని. మేస్త్రీ బిగించాడు. నిజంగానే అలా బాగుంది.

"దీనికి బ్యాటరీ లేదు. దీని గురించి చెప్తే పుణెలో నా మాట ఎవరూ వినరు," అన్నాడు ఇంజనీరు. చెప్పకుండా మాత్రం ఉండలేదని తర్వాత విన్నాను.

పెద్దమనిషికి పంగను చూపించాక, కార్తీకంలో ఒక సోమవారం పొద్దున కాకకు వంతు ఇచ్చారు. పెద్దమనిషి ఇచ్చిన మాట అంతవరకే. నావ ఎక్కమని జనానికి ఆయన చెప్పలేదు. జనం కాక చేతి చివర పంగను చూశారు, పాయలో పడిన కథ అందరికీ తెలుసు, పక్కకు జరిగి తర్వాతి నావ కోసం నిలబడ్డారు. ఒకామె మా పిల్ల భయపడ్తది కాకా అని సంజాయిషీ చెప్పింది. ఏం కాదు బిడ్డా, ఆగుర్రి అన్నాడు. ఆయన భార్య ఎవరి వైపూ చూడకుండా ఎక్కి కూర్చుంది. మేం నలుగురం ఎక్కాం. తాయికి ఈత రాదని ఆ రోజే తెలిసింది. ఆఖరున పెద్దమనిషి ధోవతి పైకి పట్టుకుని ఎక్కాడు.

సగం కూడా నిండని నావ తేలిగ్గా కదిలింది. నడిమిట్ల ఒకచోట గడ దిగబడింది. నేను నావ అంచు పట్టుకున్నాను. గడ పంగలోంచి ఊడింది, కాక కుడి చేత్తో దాన్ని ఊపి లాగి, నీళ్లు కారుతుండగా మళ్లీ పంగలో వేసుకున్నాడు. అంత చిన్న పని. పెద్దమనిషి అది చూశాడు, మా మేస్త్రీతో ఈ ఏడు మిరపకు ధర వస్తుందా రాదా అని మాట మొదలుపెట్టాడు.

అవతలి ఒడ్డున స్నానం, దర్శనం అయినవాళ్లు తడి బట్టల మూటలతో ఎదురుచూస్తున్నారు. వాళ్లకు పాయ కథ తెలియదు. నావ ఆగగానే ఒకరినొకరు తోసుకుంటూ ఎక్కారు. ఎక్కినవాళ్లు కాకతో జర తొందరగ పోనియ్యి అన్నారు. నెమ్మదిగా ఎక్కుర్రి అని ఆయన పెద్ద గొంతుతో కసిరాడు. ఆ కసురు విని ఆయన భార్య నా వైపు చూసి నవ్వింది.

ఆ నావలో పట్టేది ఇరవై మంది. తిరుగు ప్రయాణంలో, మమ్మల్ని కలుపుకుని, ఇరవై ముగ్గురం.